నీళ్ళ దారి

పేరమ్మ దొరువులోకి వంగి కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడుతోంది. ఇసకలో తవ్విన గుంట అది. పైన జానెడు లోతు దాకా తియ్యటి నీళ్ళు, ఆ కిందంతా సముద్రమే. చిప్పని పక్కకి వాల్చి పైపైన తేల్చుకోవాలి గాని, ఆశపడి లోతుకి ముంచితే కుండెడు నీళ్ళూ ఉప్పగా అయిపోతాయి. ఏళ్ళ తరబడి చేస్తున్న పని. నిద్రలో లేపి దొరువు దగ్గర కూర్చోబెట్టినా ఆమె చెయ్యి తప్పదు. ఇవాళ తప్పింది. చిప్ప బుడుంగున మునిగింది. కాసిని నీళ్ళు నాలిక మీద వేసుకుని, మొహం చిట్లించి, కుండలోవన్నీ ఇసకలో పారబోసి మళ్ళీ మొదలుపెట్టింది.

వెనక ఇసకదిబ్బ మీద నల్లగొడుగు కింద పద్మనాభయ్య నిలబడి ఉన్నాడు. ఉప్పు పండించే కయ్యల మీదికి కొత్తగా వచ్చిన అధికారి ఆయన. ఆమె నీళ్ళు పారబోయడం చూశాడు, చేతిగడియారం చూసుకున్నాడు.

నిన్న పని దిగేవేళ ఆయనే చెప్పాడు. "రేపు పొద్దుటి నుంచి నీ వెంట నడుస్తాను పేరమ్మా. నువ్వు రోజూ ఎట్లా నడుస్తావో అట్లాగే నడు. నేను లేననుకో."

పులి వచ్చి పక్కన పడుకుని, నేను లేననుకో అంటే కునుకు పడుతుందా? పేరమ్మకీ పడలేదు.

ఆమెకి నలభై దాటి ఉంటాయి. కురచ మెడ, ఎండకి కమిలిన బుగ్గలు. కుండలు మోసీ మోసీ నడినెత్తిన జుట్టు అరిగిపోయి పాత రూపాయంత బోడి. వెడల్పాటి పాదాలు, ఇసకలో కూరుకుపోకుండా ఉండేందుకే ఎవరో అట్లా చేసి పెట్టినట్టుంటాయి. నెత్తిన ఒక కుండ, చంకన ఒక కుండ పెట్టుకుని దొరువు నుంచి కయ్యలకీ, కయ్యల నుంచి దొరువుకీ తిరగడం ఆమె పని. ఉప్పు గీసేవాళ్ళు గట్టు మీదికొచ్చి దోసిలి పడతారు, ఆమె పైనుంచి ధార పోస్తుంది. మొహాలు చూడక్కర్లేదు. ఉప్పుకి పగిలిన అరచేతుల్ని బట్టే ఎవరెవరో ఆమెకి తెలుసు.

పద్మనాభయ్య చెడ్డవాడని ఎవరూ అనరు. మద్రాసులో ఏదో తర్ఫీదు పొంది వచ్చాడు. వచ్చిన వారానికే అందరినీ పాక ముందర కూర్చోబెట్టి, జపాను దేశంలో కార్ఖానాలవాళ్ళు ఎట్లా పనిచేస్తారో చెప్పాడు. "ఎక్కువ కష్టపడమని కాదు. వృథా తీసెయ్యండి. ఉత్త నడక, ఉత్త వెతుకులాట, ఉత్త ఎదురుచూపు, ఇవన్నీ వృథాయే. రోజుకొక పిసరు మెరుగు చాలు."

"వరికి జపాను పద్ధతన్నారు, సరే. ఇప్పుడు ఉప్పుక్కూడా నాట్లెయ్యాల్నా ఏంది?" అంది అంకాలమ్మ. కయ్యల్లో ఉప్పు గీసేవాళ్ళందరిలోకీ నోరున్న మనిషి. అందరూ నవ్వారు. పద్మనాభయ్య కూడా నవ్వాడు.

నిజం చెప్పుకోవాలి, మెరుగు కనబడింది. ఉప్పు గీసే గొర్రులన్నీ పాకలో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. ఎవరి గొర్రు ఎక్కడుందో వెతుక్కోవడంతోనే పొద్దెక్కేది. గోడకి వరసగా మేకులు కొట్టించి ఎవరిది వాళ్ళకి తగిలించాడు. ఉప్పుకుప్ప పోసే మిట్టని కయ్యల దగ్గరికి జరిపించాడు. ఈ వేసవిలో నడుం నొప్పి తగ్గిందని అంకాలమ్మే ఒప్పుకుంది.

మిట్ట దగ్గరికి రావడంతో హజరత్తయ్య పని పోయింది. దూరపు కయ్యల నుంచి ఉప్పు గంపలు మోసేవాడు అతను. పద్మనాభయ్య ఒకరోజు ఇట్లాగే గొడుగేసుకుని అతని వెంట నడిచాడు. ఎవరినీ తీసెయ్యనని మాటిచ్చినమాట నిజమే. కాని మాట ఆయనది, కయ్యలు యజమానులవి. హజరత్తయ్య పిల్లల్ని వెంటబెట్టుకుని ముత్తుకూరు వెళ్ళాడు. అక్కడా దొరకక నాయుడుపేట సంతలో మూటలెత్తుతున్నాడని ఎవరో చెప్పారు.

అందుకని ఆ నల్లగొడుగు అంటేనే పేరమ్మకి భయం. పని పోతుందన్న భయం ఒకటి. దాని వెనక దాచుకున్న భయం ఇంకొకటి.

దొరువు నుంచి వచ్చే దారి పాడుబడ్డ తూము దగ్గర రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే పని జరిగే కయ్యలు. కుడికి తిరిగితే తుఫానుకి గట్లు తెగి వదిలేసిన పాత కయ్యలు, వాటి మధ్య కావలివాళ్ళు ఒకప్పుడు వేసుకున్న తాటాకు గుడిసె. ఆ గుడిసెలో చిన్నపోలయ్య ఉంటాడు. ఉప్పునీళ్ళలో నిలబడీ నిలబడీ అతని పాదాలు పుండ్లు పడ్డాయి, ఎన్నాళ్ళకీ మానలేదు. పనిలోంచి తీసేశారు. నా అన్నవాళ్ళు లేరు. పనిలో లేనివాళ్ళకి దొరువు నీళ్ళు పోయకూడదని వేసవి మొదట్లోనే యజమానుల కట్టడి. ఎండలకి దొరువు అడుగంటుతుందని. పేరమ్మ రోజూ పొద్దున మొదటి కుండతో ముందు అటే వెళ్ళి, అతను వాకిట్లో పెట్టిన సత్తు చెంబు నింపి, తర్వాత కయ్యలకి వస్తోంది. సాయంత్రం ఇంటికి పోతూ ఇంత గంజి పోస్తుంది.

ఎందుకంటే, తెప్ప తిరగబడి ఆమె మొగుడు సముద్రంలో కలిసిపోయిన ఏడు, ఆమె పని కోసం కయ్యల దగ్గరికి వస్తే, గొర్రు పట్టడం రాని ఆడది మాకెందుకు అన్నారు. అప్పట్లో దాహమైతే ఎవరికి వాళ్ళే గొర్రు పడేసి దొరువుకి పోయేవాళ్ళు. చిన్నపోలయ్య అడ్డమొచ్చాడు. "ఇంతమందిమి నీళ్ళకి తిరగతా ఉంటే ఉప్పెవుడు గీస్తాడయ్యా? ఈమెని పెట్టండి, మా కాడికే తెస్తది." ఆ మాటతో పుట్టిన ఉద్యోగం ఇది. అప్పుడు దాన్ని ఎవరూ మెరుగు అనలేదు.

నిన్న సాయంత్రం గంజి పోయడానికి వెళితే చిన్నపోలయ్య ఒళ్ళు కాలిపోతోంది. చెంబులో ఉన్న నీళ్ళు ఆమె ముందే గుటగుటా తాగేశాడు. "పొద్దున్నే రా పేరమ్మా. మర్చిపోబాక," అన్నాడు. తాను వచ్చే దాకా ఇంకో చుక్క ఉండదని ఆమెకి తెలుసు.

రెండు కుండలూ నిండాయి. పేరమ్మ నెత్తిన చుట్టకుదురు సర్దుకుని నడక మొదలుపెట్టింది. వెనక ఇసకలో చెప్పుల చప్పుడు. తూము దగ్గరికి వచ్చింది. కుడివైపు, దూరంగా గుడిసె వాకిట్లో సత్తు చెంబు పొద్దుటెండకి తళుక్కుమంది.

అడుగు ఆగింది. చెప్పుల చప్పుడూ ఆగింది.

పేరమ్మ ఎడమకి తిరిగింది.

రెండో తడవ పోదాంలే అనుకుంది. ఆయనకి మాత్రం ఆకలి కాదా, పాకలోకి పోడా, అప్పుడు పరిగెత్తి పోసొస్తా. రెండో తడవా చెప్పులు వెనకే వచ్చాయి. మూడో తడవా. ఆ మనిషికి దాహం లేదు, అలుపు లేదు. భయానికి ఆమె కాళ్ళు రోజూకన్నా వడిగా పడుతున్నాయి. కయ్యల దగ్గర ధార పోస్తుంటే నీళ్ళు దోసిళ్ళ పక్కన పడుతున్నాయి.

"ఏందిమే, అట్ల వణకతా ఉండావు? చలిజొరమా?" అంది అంకాలమ్మ గొంతు తగ్గించి. పాత కయ్యల సంగతి తెలిసింది ఆమె ఒక్కతికే.

"పోయలేదక్కా," అంది పేరమ్మ. "వెంటనే ఉండాడు. యాడికీ కదలనీడు."

అంకాలమ్మ గొడుగు వంక చూసింది, గుడిసె వంక చూసింది. "సాయంత్రం పోదువులే. ఇయ్యాల్టికి నోరు మూసుకో. నీ బిడ్డలు ఏం తింటారు?"

నోరున్న అంకాలమ్మే ఆ మాటంటే ఇక చేసేదేముంది?

ఎండ నడినెత్తికొచ్చింది. ఉప్పు మీద పడిన వెలుగు కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంటోంది. ఖాళీ కుండలతో తిరిగొస్తూ తూము దగ్గర పేరమ్మ వద్దువద్దనుకుంటూనే కుడికి చూసింది. చెంబు గుడిసె వాకిట్లో లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, ఎవరో నీళ్ళు పోసుంటారు, లోపలికి తీసుకుపోయుంటాడని. తర్వాత కనబడింది. గుడిసెకీ దారికీ మధ్య, గట్టు మీద, నడిమి దాకా వచ్చి మెరుస్తోంది.

నడవలేని మనిషి. పాకుతూ దాన్ని తోసుకొచ్చాడు.

దొరువు దగ్గర ఏం తోడిందో ఎట్లా తోడిందో ఆమెకే తెలియదు. నిండుకుండలతో మళ్ళీ తూము దగ్గరికి వచ్చేసరికి చెంబు ఇంకా దగ్గరికి వచ్చి ఉంది, దారి అంచుకి బారెడు దూరంలో. పక్కన మనిషి లేడు. చెంబు వదిలేసి పాక్కుంటూ వెనక్కి పోయినట్టున్నాడు, గుడిసె ముందున్న కాస్త నీడలో నల్లగా ఏదో ఉంది. పేరమ్మ కాలు తనంతట తానే కుడికి తిరిగింది.

"అటెందుకమ్మా?" అన్నాడు పద్మనాభయ్య.

అడగడం మామూలుగానే అడిగాడు. కాని ఆమె చెవులకి అది హజరత్తయ్య పిల్లల ఏడుపులాగా వినబడింది.

"ఏంలేదయ్యా. కాల్లో ముల్లు."

వంగి, లేని ముల్లు తీసి పారేసి ఎడమకే నడిచింది. కళ్ళ నీళ్ళు కారి బుగ్గల మీదే ఎండిపోయాయి. ఆ తర్వాత పొద్దు వాలేదాకా ఆమె మళ్ళీ కుడికి చూడలేదు. చూస్తే పని పోతుంది, చూడకపోతే మనిషి పోతాడు. ఆ రెంటి మధ్య నలుగుతూ కుండలు మోసింది.

పని దిగేవేళ పద్మనాభయ్య ఆమెని పిలిచాడు. ఎండకి ఆయన మొహం కందిపోయింది, చెప్పులు తెగి చేతికొచ్చాయి. అయినా సంతోషంగా ఉన్నాడు. అప్పటికే ఇద్దరు కూలీలు దొరువు నుంచి కయ్యల దాకా, ఇవాళ ఆమె నడిచిన దారి పొడుగునా సున్నంతో గీత గీస్తూ వస్తున్నారు.

"నేను అనుకున్నదానికన్నా నువ్వు బాగా నడుస్తున్నావు పేరమ్మా. ఎక్కడా ఒక్క అడుగు వృథా లేదు. ఈ దారే ఖాయం చేస్తున్నాను. నీ పనికేం ఢోకా లేదు. దొరువు దగ్గర ఒక నిల్వ తొట్టి కట్టిస్తే నీకు వంగే బాధ కూడా తప్పుతుంది. నీకింకేమన్నా తోస్తే చెప్పు. పని చేసేవాళ్ళు చెప్తేనే మెరుగు."

పని ఉంటుందన్న మాట చెవినపడగానే ఆమె లోపల ముడి ఏదో విడిపోయింది. చేతులు జోడించింది.

"ఆ పాత కయ్యల కాడ ఒక మనిషుండాడయ్యా. చిన్నపోలయ్యని, ఈడ పనిచేసినోడే. జొరంతో పడుండాడు. రోజూ ఆయనకింత నీళ్ళు పోసొస్తా. మీరు చూస్తా ఉండారని ఇయ్యాల పొయ్యలేదు."

పద్మనాభయ్య ఆమెని తెల్లబోయి చూశాడు.

"పొద్దున్నే చెప్పకూడదూ? దాహానికిచ్చే నీళ్ళు వృథా ఎట్లా అవుతాయమ్మా? ఆ దారి కూడా కలిపే గీయించేవాణ్ణి గదా! పో, ముందు పోసిరా."

అంత సులువు. పొద్దుటి నుంచి ప్రాణాలు ఉగ్గబట్టుకున్న సంగతి అంత సులువుగా తేలిపోయింది. పేరమ్మకి ఏడుపూ నవ్వూ రెండూ రాలేదు. అడుగున నీళ్ళున్న కుండని, చుట్టకుదురైనా లేకుండా, రెండు చేతులతో పొట్టకి కరుచుకుని పరిగెత్తింది. రోజూ తొణక్కుండా మోసే నీళ్ళు చీరంతా తడిపాయి.

చిన్నపోలయ్య గుడిసె గోడకి జారగిలబడి ఉన్నాడు. కాళ్ళు బారచాపి, మొహం దారివైపు పెట్టి. మోచేతులకి ఇసకా ఉప్పూ అంటుకుని ఉన్నాయి.

"అన్నా, వచ్చినా. లే అన్నా," అంది.

ఆమె దోసిట్లో నీళ్ళు పట్టి అతని పెదాల మధ్య పోసింది. అవి లోపలికి పోలేదు. గడ్డం మీదుగా కారి గుండెల మీద పడ్డాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ కారాయి. కుండలో ఉన్నవన్నీ అట్లాగే అయిపోయేదాకా పోస్తూనే ఉంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. పొద్దంతా ఎండకి కాగిన ఆ చెయ్యి, ఊపిరి ఆగినా, ఇంకా వెచ్చగానే ఉంది. అది చూసి ఆమె పెద్దగా ఏడ్చింది.

దూరంగా కయ్యల్లోంచి జనం రావడం మొదలుపెట్టారు. ముందు అంకాలమ్మ, వెనక చెప్పుల్లేకుండా పద్మనాభయ్య. తూము దగ్గర సున్నపుగీత ఇంకా తడి ఆరలేదు. దానికి బారెడు అవతల గట్టు మీద సత్తు చెంబు, అడుగున గాలికి చేరిన ఇసకతో, నోరు తెరుచుకుని ఉంది.