కొసరు గరిటె

నేను ఒక గరిటెను. సాంబారు గరిటెను. కుదురుగా ఒకచోట పడి ఉండడం నా వల్ల కాదు. బకెట్టులో వేస్తే దాని అంచుకు కొట్టుకుంటూనే ఉంటాను.

నన్ను సాగగొట్టి కాడ అతికించిన కొట్టు నెల్లూరులో ఉండేది. అక్కడి నుంచి పెళ్ళిళ్ళకు వంటలు చేసే మస్తానయ్య చేతిలో పడ్డాను. నాకు లోకజ్ఞానం అబ్బింది విస్తళ్ళ ముందే. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఆకలి దంచేస్తున్నా విస్తరికి అరచెయ్యి అడ్డం పెట్టి “చాలు, చాలు” అంటారు. నిజమే కాబోలని ముందుకు పోతే ఆ పెళ్ళివారిని ఏడాది పాటు ఆడిపోసుకుంటారు. అందుకని మస్తానయ్య వాళ్ళ వేళ్ళ సందుల్లోంచే నా చేత ఇంకో దఫా పోయించేవాడు. మొహమాటపు చాలు ఏదో, కడుపు నిండిన చాలు ఏదో గొంతు వింటేనే నాకు తెలిసిపోయేది.

మోకాళ్ళ నొప్పులతో మస్తానయ్య వంటలు మానేసి సామాను అమ్మేశాడు. అలా నేను అనంతపురం దగ్గర ఒక కాలేజీలో ఆడపిల్లల హాస్టల్ మెస్సుకు వచ్చిపడ్డాను. ఇక్కడ వడ్డించేది ఓబులమ్మ. మంచి మనిషే, కానీ తీరిక లేదు. హాలు నిండా కంచాలు, ఆవిడకు రెండే చేతులు. ఎవరైనా చాలంటే చాలే, మరుక్షణం నేను పక్క కంచం మీద ఉండేదాన్ని. నాకు ఒళ్ళంతా జిలపుట్టేది. వెనక్కి తిరగవే తల్లీ, అది ఉత్తుత్తి చాలు అని బకెట్టుకేసి ఠంగుమని కొట్టుకునేదాన్ని. గరిటె గోడు ఎవరికి కావాలి?

ఆ ఏడు సోంపేట వైపు నుంచి ఢిల్లేశ్వరి అనే పిల్ల చేరింది. పేరులో ఢిల్లీ ఉందిగాని, అంతకు ముందు ఇల్లు వదిలి ఒక్క రాత్రి ఉన్న పిల్ల కాదు. మొదటి రోజు సగం గరిటె పడగానే “చాలండి” అంది. అని, ఇంకోసారి అడుగుతుందేమోనని తలెత్తి చూసింది. ఓబులమ్మ అప్పటికే వరస మధ్యలో ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొడి అన్నం గొంతు దిగక సగం పారేసేది. చూస్తూండగానే పిల్ల చిక్కి సగమైంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత కట్టినవాడు ఢిల్లేశ్వరి వాళ్ళమ్మను చూసి ఉండడు. వద్దన్నకొద్దీ పెట్టే ఇంట్లో పెరిగిన పిల్లకు అడగడం ఎక్కడ వస్తుంది?

ఒకనాడు చేతులు కడుక్కునే కుళాయి దగ్గర నిలబడి ఫోనులో ఏడ్చింది.

“నాన్నా, ఇక్కడ తిన్నావా అని ఎవలూ అడగరు. నానుండనేను. వచ్చి తీసుకెల్లిపో.”

నాకు గుండె ఉంటే ఆ పూట చెరువయ్యేది.

ఆదివారం తండ్రి వచ్చేశాడు. పిల్ల సంచి సర్దుకుంది. అయితే ఆదివారం భోజనం మొదటి సంవత్సరం పిల్లలే వంతులవారీగా వడ్డించాలి. ఆ రోజు వంతు ఢిల్లేశ్వరిది. వంతు ఎగ్గొట్టి పోవడం మర్యాద కాదని తండ్రే అన్నాడు. సంచి పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు, మాటిమాటికీ గడియారం చూస్తూ.

ఢిల్లేశ్వరి నన్ను పట్టుకుని వడ్డనకు దిగింది. మొదటి వరసంతా కొత్త పిల్లలే. మొదటి పిల్ల “చాలు” అంది. ఢిల్లేశ్వరి ఆగింది. “కొంచెం ఎయ్యనా?” అని అడిగింది. ఆ పిల్ల కంచం ముందుకు జరిపింది. ఢిల్లేశ్వరి పోసింది. పక్క పిల్ల చెయ్యి అడ్డం పెట్టినా పోసింది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. మునగడం, లేవడం, ఒలకడం, మళ్ళీ మునగడం. పిల్లలు తలెత్తకుండా తిన్నారు. చివరి వరసలో సీనియర్ల దగ్గరికి వెళ్ళేసరికి బకెట్టు అడుగున గీరుకున్నాను.

హాలంతా గోల. ఓబులమ్మ కొంగు దోపుకుంటూ వచ్చింది.

“సాలన్నాంక గూడా ఎందుకేస్తివి పాపా? ఇప్పుడు వీళ్ళకేం పొయ్యాల నేను?”

ఢిల్లేశ్వరి తల దించుకుంది. “సాలంటే సాలని కాదక్కా,” అంది మెల్లగా. “ఇంకోపాలి అడగమని.”

ఓబులమ్మ కొత్త పిల్లల కంచాల వంక చూసింది. ఒక్క మెతుకు మిగల్లేదు. ఆవిడ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి చివరి వరసకు పోసింది. సీనియర్లు గొణుక్కుంటూ తిన్నారు.

తండ్రి సంచి భుజానికెత్తుకున్నాడు. “బేగి రా అమ్మా. బస్సెల్లిపోద్ది.”

ఢిల్లేశ్వరి నన్ను వదల్లేదు.

“ఎలగొస్తాను నాన్నా? ఆ సివరి వరసోల్లకి సాంబారు అందనేదు. రేపు నా వంతు కాకపోయినా ఆల్లకి నానే ముందు ఎయ్యాలి.”

ఆయన ఖాళీ బకెట్టు వంక, నా వంక చూశాడు. తర్వాత సంచి దించి గోడవారగా పెట్టాడు.

“మరైతే నువ్వూ సుబ్బరంగా తినమ్మా,” అని, ఒక్కడే బస్సుకు వెళ్ళిపోయాడు.