కుటుంబ సమేతంగా ఒంటరి ప్రయాణం

చంటికి యాభై ఎనిమిదేళ్ళు. ముగ్గురు పిల్లల్లో ఆఖరిది కాబట్టి ఇంట్లో ఆ పిలుపే స్థిరపడిపోయింది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా ఆమె వార్డులోకి అడుగుపెడితే పెద్ద డాక్టర్లు సైతం చేతిలోని ఫోను చప్పున జేబులో దాచేవారు. ఇంటికొచ్చాక "గొడుగు తీసుకెళ్ళావా?" అని అక్క ఫోనులో అడిగితే, లేదనడానికి అదే చంటి జంకేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచి ముప్పై ఏళ్ళైంది, ఇల్లు మాత్రం ఇంకా చేజిక్కలేదు.

ఆమె రిటైరైన మర్నాడే అన్నయ్య తీర్పు చెప్పేశాడు. పెళ్ళీపెటాకులూ లేని మనిషి ఒక్కతే ఫ్లాటులో ఉండటమేమిటి, అది అమ్మేసి తన ఇంటి వెనక గదిలోకి వచ్చెయ్యాలి. ఆ గదిలో ప్రస్తుతం ఒక పాత సైకిలూ, పనిచేయని కూలరూ కాపురం చేస్తున్నాయి. వాటి సరసన ఇక ఈవిడ. చంటి ధైర్యం కూడగట్టుకుని, పరాయి దేశంలో రైళ్ళమీద ఒక్కదాన్నే తిరిగొస్తాను, క్షేమంగా వస్తే నన్ను నా ఇంట్లో ఉండనివ్వండి అంది.

"సరే, పోయిరా. తప్పిపోతే మాత్రం వెనక గదే," అన్నాడు అన్నయ్య, యావదాస్తీ రాసిచ్చినంత ఉదారంగా.

అలా మొదలైంది ఒంటరి ప్రయాణం. ఒంటరి అంటే చంటి, ఆమె పెట్టె, ఫోనులో యావత్ కుటుంబం. అక్క మొగుడు బావగారు ఆ దేశం మొహం ఎరగరు గానీ, అక్కడి రైళ్ళ రాకపోకలన్నీ కంఠతా పట్టారు. ఆమె ఎక్కడుందో చూపించే నీలం చుక్కకు వంతులు వేసుకుని కాపలా కాశారు. పగలు అన్నయ్య డ్యూటీ, రాత్రి బావగారి డ్యూటీ. తన కింద పనిచేసిన నర్సులకు కూడా చంటి ఇంత క్రమశిక్షణ నేర్పలేకపోయింది. కిటికీలోంచి సరస్సు కనబడిందో లేదో, అక్క ఫోను: "పెట్టె కాళ్ళ దగ్గరే ఉందా?" పెట్టె వంక చూసి తలెత్తేసరికి సరస్సు దాటిపోయేది.

ఆఖరి రోజు విమానాశ్రయానికి వెళ్ళే బండి ఎక్కింది. దారిలో ఒక పెద్ద స్టేషను, పట్టాలు అక్కడితో సరి. బండి అక్కడ ఆగి, వచ్చిన దారినే కొంత దూరం వెనక్కి వెళ్ళి, ఆ తర్వాత పక్కకు చీలుతుంది. టికెట్లు చూసే అమ్మాయి ఇదంతా అరచెయ్యి తిప్పి చూపించింది. గొంతులో గొట్టాలున్న రోగుల సైగలతో ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చిన మనిషికి అదొక లెక్కా? చంటి నిశ్చింతగా వెనక్కి వాలింది.

బండి వెనక్కి కదిలింది. ఫోనుల్లో చుక్కా వెనక్కి కదిలింది. ఇంకేముంది, కొంపలు మునిగాయి.

"ఒసేయ్ చంటీ, వేరే బండి ఎక్కేశావే!" అక్క కేక.

"ఎయిర్‌పోర్టు అటైతే నువ్వు ఇటు పోతున్నావు. వచ్చే స్టేషన్లో దిగిపో," అన్నారు బావగారు.

"కాదు బావగారూ, ఇది ఇలా వెనక్కెళ్ళి..."

"మ్యాపు చేతిలో పెట్టుకుని నేను కూర్చుంటే, నువ్వు నాకు చెప్తావేంటమ్మా?"

"ముందు దిగవే! తర్వాత వాదిద్దువుగాని," అన్నయ్య గర్జించాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. చంటి దిగింది. బండి తలుపులు మూసుకుని, కాస్త ముందుకెళ్ళి పక్కకు చీలి, నింపాదిగా విమానాశ్రయం వైపు సాగిపోయింది.

బండి ఎయిర్‌పోర్టు వైపే మళ్ళిందని చంటి ఫోనులో చెప్పింది. బావగారు గొంతు సవరించుకుని, ఆ దేశంవాళ్ళకి పట్టాలు వెయ్యడం చేతకాదని తేల్చారు. చంటి ఫోను ఆపేసింది.

నరపురుగు కూడా లేని చిన్న స్టేషను. తడి బెంచీని రుమాలుతో తుడుచుకుని కూర్చుంది. అక్క పోరు పడలేక పూట ముందే బయల్దేరింది కాబట్టి విమానానికి ఢోకా లేదు. వాళ్ళమీద కోపం రావాలి, రాలేదు. తనమీద తనకే వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేటంత. డాక్టరు మందు తప్పు రాస్తే, సరిదిద్దేదాకా అక్కణ్ణించి కదలని మనిషి తను. సరైన బండి అని తెలిసీ దిగింది. పై చదువు వద్దంటే మానేసింది. ఇష్టపడ్డవాణ్ణి వద్దంటే వదులుకుంది. వాళ్ళు చెప్పింది తప్పని అప్పుడూ తెలుసు, అయినా సరేనంది. సిగ్గేసింది. ఇన్నేళ్ళూ దీన్ని మంచితనం అనుకుంటూ వచ్చింది.

తర్వాతి బండి ఎక్కి కూర్చున్నాక ఫోను తెరిచింది. వెంటనే అన్నయ్య.

"తప్పిపోయావా లేదా? అన్న మాట ప్రకారం వెనక గదే. సైకిలు తీయించేశాను, రంగులు కూడా వేయిస్తున్నా."



"ఆ గది అద్దెకిచ్చుకో అన్నయ్యా. నేను మా ఇంటికి వెళ్తున్నాను."

"మళ్ళీ మొదలెట్టావా? చిన్నదానివి, నీకేం తెలుసే?"

"బండి ఎటు పోతోందో తెలుసన్నయ్యా," అంది చంటి. "మీరు దిగమన్నప్పుడూ తెలుసు."