సిదీ అలీ సరస్సు దారిలో ఇట్టో

పెళ్లయిన మూడో వారంలో ఇట్టో మొగుడి వెనక మోటార్‌సైకిల్ ఎక్కి అన్న దగ్గరికి బయలుదేరింది. అన్న మిమూన్ ఆ పెళ్లికి రాలేదు. అన్నాళ్లు విధవగా ఉండి, ఇప్పుడు తనను ఒక్క మాటైనా అడక్కుండా, కొండవాళ్లలో మగాడే లేనట్టు మెక్నెస్ పట్నంవాణ్ణి కట్టుకుందని అతని కోపం. ఫోన్ చేస్తే ఎత్తడు. "దాని గడప తొక్కను" అని సంతలో నలుగురి ముందూ అన్నాడట.

"ఆయన రాకపోతే మనమే పోదాం," అన్నాడు మొగుడు బెన్నాసర్. అతను కొండ కింది అజ్రూ ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకుని నీటి గొట్టాలు బాగుచేస్తాడు. ఇట్టో వంట చేసే బడికి ఒకసారి కుళాయి బిగించడానికి వచ్చాడు. ఆ తర్వాత కారని కుళాయి కోసం కూడా వస్తూనే ఉన్నాడు.

ఆ రోజే వెళ్లాలి. తెల్లవారితే మిమూన్ సరస్సు ఒడ్డున గుడారం ఎత్తేసి గొర్రెలతో పై మేతలకు వెళ్లిపోతాడు. అక్కడికి బండి పోదు, ఫోన్ మోగదు.

దేవదారు అడవిలో ఆగి రొట్టె, ఆలివ్ కాయలు తిన్నారు. ఒక కోతి వచ్చి బెన్నాసర్ చేతిలోని సగం రొట్టె లాక్కుపోయింది.

"మీ కొండవాళ్ల మర్యాద ఇదేనా?" అన్నాడు.

"పట్నంవాడివని దానికీ తెలిసిపోయింది," అంది ఇట్టో.

తిమహ్దీత్ ఊరు దాటాక బెన్నాసర్ లారీల రోడ్డు వదిలేసి పాత బాట పట్టాడు. ఆ బాట మీదుగా వెళితే సరస్సు ముందు పైనుంచి కనబడుతుందని ఇట్టోనే ఎప్పుడో చెప్పింది. అతను ఆ సరస్సును ఒక్కసారీ చూడలేదు. చుట్టూ నల్లరాళ్ల మైదానం, గట్ల నీడన ఇంకా కరగని మంచు, రాళ్ల సందుల్లో పసుపు పూలు. ఆ పూల పేరు అడుగుదామని అతను హెల్మెట్ అద్దం పైకెత్తాడు. అంతలో లోపలికి దూరిన తేనెటీగ ఎడమ కంటి రెప్ప మీద కుట్టింది.

బండి ఊగుతూ పోయి పక్కన ఆగింది. కాసేపట్లో ఎడమ కన్ను ఉబ్బి మూసుకుపోయింది. కుడి కంట్లోంచి నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. ఇట్టో గోటితో ముల్లు గీకి తీసి, తలగుడ్డ కొస తడిపి అద్దింది.

"ఏదైనా బండి వస్తే ఎక్కిపోదాం," అన్నాడు బెన్నాసర్.

"ఈ బాటలో ఏం వస్తుంది? లే, వెనక్కి జరుగు."

"నీకు వచ్చా?"

"కంచరగాడిదలు తోలినదాన్ని. ఇది కరవదు కదా."

"తన్నుతుంది."

అయినా జరిగాడు. అవతల అన్న వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికి దొరుకుతాడో అతనికీ తెలుసు.

"ఎడమచేతి క్లచ్ మెల్లగా వదులు. నా చెయ్యి వదిలినట్టు."

"నువ్వు వదలనిస్తే కదా నాకు తెలిసేది."

బండి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ ఎగిరి, ఈసారి గడ్డిలోకి ఒరిగింది. ఇద్దరూ పక్కపక్కనే పడ్డారు. దెబ్బలేం తగల్లేదు. ఇట్టో లేచి బండి నిలబెట్టింది. మూడోసారి బండి కదిలింది, ఆగలేదు. అతను రెండు చేతులతో ఆమె నడుం పట్టుకుని, చెవి దగ్గర "మలుపొచ్చిందా? మెల్లగా. వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"వస్తే చెబుతాను. నోరు మూసుకో, భయమేస్తోంది," అంది ఇట్టో.

గట్టు మీదికి చేరాక ఆమె బండి ఆపింది.

"కనబడుతోందా?" అడిగాడు.

"ఆఁ."

"ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే. నీలంగా."

"అంతేనా? దీనికోసం కన్ను పోగొట్టుకున్నాను."

ఇట్టో కాస్త ఆలోచించి చెప్పింది. "ఈ పక్క నీలం. ఆ పక్క మబ్బు నీడ పడి నల్లగా ఉంది. ఆ నీడ ఒడ్డుకేసి నడుస్తోంది. ఒడ్డున ఒకే ఒక్క గుడారం. దానిముందు మావాడు నడుం మీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తున్నాడు."

మిమూన్ చాలాసేపు అలాగే చూశాడు. దుమ్ము రేపుకుంటూ వచ్చిన బండి మీద ముందు చెల్లెలు, వెనక ముఖం గుమ్మడికాయలా ఉబ్బిన మగాడు. నవ్వకూడదనుకున్నాడు. పెదవి కొరుక్కున్నాడు. ఆగలేక నవ్వాడు.

"ఇదేనా నీ పట్నం మొగుడు? కొట్టావా?"

"తేనెటీగ కుట్టింది, అన్నా."

"బండి తోలనిచ్చాడా నిన్ను?"

"వద్దని బతిమాలాను, బావా," అన్నాడు బెన్నాసర్ గొంతు వచ్చిన వైపు తిరిగి. "మీరు ఏనాడైనా ఆపగలిగారా?"

మిమూన్ బెన్నాసర్ మోచెయ్యి పట్టుకుని రాళ్లు తగలకుండా నడిపించి గుడారంలో కూర్చోబెట్టాడు. చల్లారిన టీ ఆకు గుడ్డలో కట్టి కంటి మీద పెట్టాడు. పెళ్లి మాట ఎత్తలేదు, తప్పయిందనీ అనలేదు. ఆ పూట మజ్జిగ, వేడి రొట్టె పెట్టాడు. కాసేపాగి, చూపు అటు తిప్పుకుని చెల్లెల్ని అడిగాడు.

"బాగా చూసుకుంటాడా?"

"చూసుకుంటాడు. నవ్విస్తాడు కూడా."

"ఇంటికి రమ్మంటే మాత్రం రాను. ఎండాకాలంలో ఉప్పు కోసం అజ్రూ సంతకు దిగుతాను. ఇతని కొట్టు ఎక్కడ?"

ఇట్టో గుర్తులు చెబుతుంటే బెన్నాసర్ మధ్యలో అందుకున్నాడు. "టీ నేనే కాస్తాను. పుదీనా ఎక్కువ వేసి."

పొద్దున అతని కళ్లు రెండూ తెరుచుకున్నాయి. ఎవరూ పిలవకుండానే గుడారం బయటికి వచ్చి, నీళ్ల కేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తాళంచెవి ఇట్టో చేతికిచ్చి వెనక ఎక్కాడు.

ఒడ్డున మంచుకు నేల మెత్తబడింది. వెనక చక్రం బురదలో కూరుకుపోయి గిర్రున తిరిగింది. మిమూన్ తిట్టుకుంటూ వచ్చి భుజం ఆనించి తోశాడు. బురద చిమ్మి అతని పొడుగు జెల్లాబా అంగీ నిండా పడింది. బండి ఒక్క ఊపున బయటపడింది.

"ఆపకు, పో పో," అని అరిచాడు మిమూన్ వెనకనుంచి.

ఇట్టో ఆపలేదు. అన్నకు కనబడేలా ఒక చెయ్యి పైకెత్తింది.

"రెండు చేతులూ, ఇట్టో, రెండు చేతులూ," అన్నాడు బెన్నాసర్.