గోడ నోటికి బొట్టు

దసరా తగ్గింపు అమ్మకాలు మొదలైన మర్నాటి ఉదయం, హైమవతి ఇంటి హాలు గోడకు, బొమ్మల కొలువు మెట్ల పక్కన, ఒక నోరు తెరుచుకుంటుంది. పెదవులు మనిషివే. కింది పెదవి పగిలి ఉంది. లోపలినుంచి నిన్నటి సాంబారూ కొత్త అట్టపెట్టే కలిసిన వాసన వస్తోంది.

హైమవతి తర్కశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన విదుషి కనుక, కార్యం కనబడగానే కారణం వెదుకుతుంది. అది వెంటనే దొరుకుతుంది. నిన్న మధ్యాహ్నం ఎవరో ఊరూ పేరూ లేని అంగడివారు ఫోన్‌కు పంపిన లింకును ఆమె నొక్కింది. రాజు, రాణి బొమ్మల జత. సగం కన్నా తక్కువ ధర. ఈ పూట దాటితే దొరకదు. కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలన్నది సంప్రదాయం. సగం ధరకు చేరాలన్నది ఆమె సొంత భాష్యం.

"మేడమ్, మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయిందండీ," అంటుంది నోరు. "చిన్న వెరిఫికేషన్, అంతే. అడ్రస్ చెప్తారా?"

నవరాత్రుల్లో ఇంటికి వచ్చినవారికి బొట్టు పెట్టకపోవడం అపచారం. హైమవతి కుంకుమ భరిణె తెచ్చి, పై పెదవికి ఎగువన, నుదురు ఉండవలసిన చోట, గోడకు బొట్టు పెడుతుంది. వేలికి తడి అంటుకుంటుంది. ఆ మర్యాద ముగిశాక చిరునామా చెబుతుంది.

చిరునామా ఆమె నోటినుంచి పురికొసలా బయటికి వస్తుంది. గోడ నోరు దాన్ని సేమ్యాలా పీల్చుకుంటుంది. చివరి కొస కాసేపు పెదవి మీద ఊగి, చప్పుడు చేస్తూ లోపలికి పోతుంది. వీధి గుమ్మం మీది ఇంటి నంబరు రాలిపడుతుంది. కిటికీలోంచి చూస్తే, వీధి తన అరుగులనూ స్కూటర్లనూ సర్దుకుని పక్కకు జరిగిపోతోంది. ఇల్లు ఇప్పుడు ఏ వీధిలోనూ లేదు.

"పుట్టినతేదీ అండీ."

"అది ఆడవారిని అడగదగిన ప్రశ్న కాదు."

"నేను అడగట్లేదండీ. సిస్టమ్ అడుగుతోంది."

ఈ సమాధానంలో హైమవతికి దోషమేమీ కనబడదు. తేదీ ఉడికించిన గుడ్డులా బయటపడుతుంది. నోరు మూసుకోకుండానే దాన్ని నములుతుంది. పచ్చసొన పళ్ళ సందుల్లో నిలుస్తుంది. మరుక్షణమే ఆమె వయసు పట్టు తప్పుతుంది. ఎడమ మోకాలు చిన్నపిల్లదై, దాని మీద దెబ్బ పక్కు కట్టి ఉంటుంది. గడ్డం కింద ముదుసలి వెంట్రుక ఒకటి తెల్లగా మొలుస్తుంది.

అప్పుడు నోరు ఓకరిస్తుంది. శ్రీమన్మహారాజాధిరాజులవారు జిగురు పల్లకిలో వేంచేస్తారు. వచ్చిన రాజు బొమ్మ తూములోంచి తీసిన వెంట్రుకల ఉండ, పిడికెడంత. దాని మీద పాల మీగడలాంటి చర్మం, నెత్తిన మందుబిళ్ళల రేకు కిరీటం. వెచ్చగా ఉంది, ఎక్కడో నాడి కొట్టుకుంటోంది. అది తనంతట తానే మెట్లెక్కి, దశావతారాలను మోచేత్తో నెట్టి, పై మెట్టున ఆసీనమవుతుంది.

కింది మెట్టు మీది శెట్టిగారి బొమ్మ ముక్కు మూసుకుంటుంది. "సరుకు చూడకుండా కొన్నావా తల్లీ?"

"బొమ్మ చూశాను."

"దుకాణం చూడలేదు," అని అది తన పప్పులూ బియ్యం పక్కకు జరుపుకుంటుంది.

హైమవతి గోడవైపు తిరుగుతుంది. "దీన్ని వెనక్కి తీసుకుంటారా?"

"తప్పకుండానండీ. దాంతోపాటు మీరూ రావాలి." నోరు గొంతు సవరించుకుంటుంది. "రాణిగారు మధ్యలో ఇరుక్కున్నారండీ. మీ అమ్మగారి పుట్టింటి పేరొక్కటి చెప్పండి, జారి వచ్చేస్తారు."

తల్లి పోయేనాటికి హైమవతి ఊయల దిగలేదు. తల్లిది ఫొటో లేదు, చీర లేదు, ఆమె గొంతు గుర్తున్నవారు లేరు. పుట్టింటివారి పేరుతో సహా ఆమె పేరొక్కటే మిగిలింది. హైమవతి దాన్ని రోజూ దీపం పెట్టేవేళ మనసులో ఒకసారి పలుకుతుంది, అంతే. ఈ నోట్లోకి పోయినది మళ్ళీ తనది కాదని ఆమెకు ఇప్పుడు ప్రత్యక్ష ప్రమాణం ఉంది.

"చెప్పకపోతే?"

"నేనే వెతుక్కుంటానండీ."

నాలుక బయటికి వస్తుంది. తెల్లటి పాచి పట్టి, చుట్ట విప్పిన పరుపులా నేల మీద పరుచుకుంటూ వస్తుంది. దారిలో పసుపు గిన్నె నాకుతుంది. తాంబూలాలకు పెట్టిన శనగల పళ్ళెం నాకుతుంది.

ఇల్లు ఏ వీధిలోనూ లేకపోయినా, నానబెట్టిన శనగల వాసన పట్టుకుని పేరంటాళ్ళు సమయానికే వస్తారు. ముందు పక్కింటి రత్నమాల.

"ఏంటండి వదినగారూ, దానికి బొట్టెట్టారేంటి?"

"ఇంటికి వచ్చింది."

"అదొచ్చిందా, మీరు పిలిచారా?"

"లింకు నొక్కాను."

"నొక్కి, బొట్టెట్టి, సెనగలు కూడా ఎట్టేశారన్నమాట. ఇంకేం, రవికెల గుడ్డ ఒకటే తక్కువ."

పేరంటాళ్ళు పట్టుచీరల కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, ఇటువంటివి తమ ఇళ్ళల్లో జరగవన్న ముఖాలతో ఒక పక్కన నిలబడతారు. నాలుక హైమవతి పాదాన్ని చుట్టి, మోచేతి మీదుగా పైకి పాకి, ఆమె పెదవులను రుచి చూస్తుంది. పిల్లి నాలుకలా గరుకుగా, పాత నూనెలా జిడ్డుగా ఉంది. తల్లి పేరు పళ్ళ వెనక ఒదిగి వణుకుతోంది.

రత్నమాల ఆమె చెవిలో గుసగుసలాడుతుంది. "అబద్ధం చెప్పేయండి వదినగారూ. ఏదో ఒక పేరు. అదేమన్నా మీ మేనమామా, కనిపెట్టడానికి?"

హైమవతి జన్మలో అసత్యమైన వాక్యం పలికి ఎరుగదు. అయితే దొంగకు నిజం చెప్పి తీరాలన్న విధి ఏ శాస్త్రంలోనూ లేదని ఆమె లోలోపల పూర్వపక్షం, సిద్ధాంతం రెండూ ముగించుకుని, పళ్ళు విప్పకుండా అంటుంది: "గబ్బిలాలవారు."

నాలుక ఆ పేరును అందుకుని చుట్టుకుంటూ వెళ్ళిపోతుంది. నోరు మింగుతుంది. ఆగుతుంది. పెదవులు పాలిపోతాయి.

"మ్యాచ్ కావట్లేదండీ," అంటుంది చిన్న గొంతుతో.

గోడ కప్పుదాకా ఉబ్బుతుంది. తర్వాత నోరు, తాను ఈ ఊళ్ళో తిన్నదంతా, హాల్లోకి కక్కుతుంది. ఇళ్ళ నంబర్లు, సగం నమిలిన పుట్టినతేదీలు, వాటి మధ్య పురిటి ఎలుకపిల్లల్లాంటివి, గులాబిరంగువి, కళ్ళు తెరవనివి: తల్లుల పేర్లు. పులిసిన వాసన. చీలమండలదాకా జిగురు.

పేరంటాళ్ళు కదలరు. చివరికి రత్నమాల కొంగు నడుముకు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ మోచేతులదాకా అందులో పెడుతుంది.

"మీ ఇంట్లో కూడానా?" అంటుంది హైమవతి.

"వంటింట్లోనండి, గ్యాస్ బండ ఎనకాల." రత్నమాల తల ఎత్తదు. "మిక్సీ కోసం."

ఒకరి తరువాత ఒకరు తక్కినవారూ కూర్చుంటారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. రత్నమాల ఒకదాన్ని పైకి తీసి, కొంగుతో తుడిచి, వాసన చూస్తుంది. "మాయమ్మే," అంటుంది. పేరు పళ్ళు లేని నోరు తెరిచి అటూ ఇటూ వెదుకుతుంది. పేర్లు ఆకలితో ఉన్నాయి. మనవలను ఎత్తిన స్త్రీలు గోడలకు వీపులానించి, పైటలు సర్దుకుని, తమ తల్లులకు పాలిస్తున్నారు. హాలంతా చిన్న చిన్న గుటకల చప్పుడు.

హైమవతి మూసిన పళ్ళ వెనక ఆమె తల్లి క్షేమంగా ఉంది. ఎవరికీ చెందని పేర్లు పాల వాసన పట్టి, నేల మీద తడి చారలు గీస్తూ ఆమె వైపు పాకి వస్తున్నాయి. ఆమెకు వాంతి తన్నుకొస్తుంది. నోరు తెరవడానికి లేదు గనుక దాన్ని మింగేస్తుంది. తరువాత జిగురులోనే చతికిలబడి, అన్నిటికన్నా చల్లగా ఉన్న ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, రొమ్ముకు అందిస్తుంది.