బాడీ తీగకు ముడి

అబ్దుల్ రజాక్ నాకు పని నేర్పాడని బోగోలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేర్పింది సగమే. మిగతా సగం తన దగ్గరే దాచుకున్నాడు. ఆ దాచుకున్న సగం వల్ల నాకేం జరిగిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. తప్పులుంటే ఉంటాయి.

యాభై ఐదులో, నా పన్నెండో ఏట, మా అమ్మ ఆమినాబీ నన్ను ఆయన బండ్ల రిపేరు షెడ్డులో వదిలిపెట్టింది. ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చే లారీలు, బస్సులు దాదాపు అన్నీ ఇంగ్లీషు బండ్లే. వాటికి బ్యాటరీ ప్లస్‌ను బండి బాడీకి బిగించేవాళ్లం. మైనస్ నుంచి లైట్లకూ హారనుకూ తీగలు పోయేవి. తీగల రంగులు చూసి గుర్తుపడదామంటే గ్రీజు పట్టి అన్నీ ఒకే నలుపు. అందుకని మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బాడీకి పోయే తీగ కొసన ముడి వేస్తాం. బండి కిందికి దూరి చీకట్లో తడిమినా ముడి తగిలిందంటే అది బాడీ. బాడీ అంటే ప్లస్.

"ముడి ప్లస్‌కి. అంతకు మించి నీకెందుకు?" అనేవాడు రజాక్ ఉస్తాద్. మొదటి నెలలో రెండుసార్లు తప్పు చేస్తే స్పానరుతో వేళ్ల మీద కొట్టాడు. మూడోసారి అవసరం రాలేదు.

జీపు వస్తే మాత్రం ఆయనే లేచేవాడు. "మౌలా, పోయి టీ పట్టుకురా పో" అనేవాడు. జీపుల్లో తిరిగేది ఆఫీసర్లు గదా, బక్షీసు తనకే దక్కాలని నన్ను పంపిస్తున్నాడనుకునేవాణ్ణి. పదకొండేళ్లలో ఒక్క జీపు బ్యాటరీ మీద కూడా నా చెయ్యి పడలేదు.

ఏసుమణి అన్న అరవై మూడులో బోగోలు వచ్చాడు. విమానాల దళంలో వైర్‌లెస్ మెకానిక్‌గా చేసి, పెన్షన్ పుచ్చుకుని సొంత ఊరు చేరినవాడు. నలభై దాటిన మనిషి. పిల్లల్లేరు. వచ్చిన ఏడాదే ఇంటి వసారాలో ఒక విమానం కట్టడం మొదలుపెట్టాడు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగడుగులు. బెండులాంటి తేలిక చెక్క, దాని మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద వార్నీషు. రేకు పనికీ, తీగలు సీసంతో అతికే మాటు పనికీ నన్ను పిలిచాడు. పిలవకపోయినా పోయేవాణ్ణే. ఆ వసారాలో ఆముదం, ఈథరు, కిరసనాయిలు కలిసిన వాసన ఉండేది. ఇంజను అరచేతిలో పట్టేంత. అది స్టార్టయితే కందిరీగల తుట్టె కదిలినట్టు మోత. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా ఆముదం కాగుతుంటే నాకు ఆ వసారానే కళ్ల ముందుకు వస్తుంది.

తీగ లేకుండా నేల మీద నుంచి దాన్ని తిప్పుతాడట! అన్నం క్యారియరంత డబ్బా ఒకటి మన చేతిలో. దానికో బటన్, పొడుగాటి ఏరియల్. విమానం కడుపులో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన రేకు డబ్బా, దాని పేరు రిసీవర్. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ రిసీవర్ వింటుంది, తోక కదులుతుంది. ఓడల్లో పనిచేసే బావమరిది చేత తెప్పించాడు ఆ రిసీవర్‌ను. ఈ దేశంలో దొరికే సరుకు కాదు.

మూడేళ్లు పట్టింది. అరవై ఆరు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, మా షెడ్డుకు సెలవు, తెల్లవారగానే సైకిళ్ల మీద సముద్రపొడ్డున ఉన్న జువ్వలదిన్నెకు బయల్దేరాం. రెక్క నా వీపుకు కట్టుకున్నాను, మిగతాది అన్న ముందు బుట్టలో పెట్టుకున్నాడు. ఇసుక దగ్గర దిగి చూస్తే గతుకులకు రిసీవర్ నుంచి బ్యాటరీకి పోయే రెండు తీగలూ తెగి ఉన్నాయి.

"తిరిగి పోదామా?" అన్నాడు అన్న.

"ఎందుకన్నా? మాటు వేసేస్తా. ఎంతసేపు?"

తెప్పలు ఒడ్డుకు లాగి కూర్చున్న జాలరి చిన్నపోలయ్య గుడిసె ముందు పొయ్యి మండుతోంది. అందులో రాగికడ్డీ కాల్చుకున్నాను.

"ఏం మౌలా, ఈ కొంగ చేపలు పడతాదా?" అన్నాడు చిన్నపోలయ్య.

"నీకంటే ఎక్కువే పడతాది."

"అయితే పడిన చేపల్లో దీనికీ పాలు తియ్యాల. మా వాళ్లకు చెప్పి పెడతా."

నా దగ్గరున్నది ఒకే రంగు తీగ. రెండూ దాంతోనే అతికాను. రేకు డబ్బాకు, అంటే బాడీకి, అంటిన తీగ కొసన ముడి వేశాను. ఎవరూ చెప్పలేదు. చెయ్యి అలవాటు.

ఎగరేసే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒకడు విమానం దగ్గర ఉండి బ్యాటరీ కలపాలి. ఇంకొకడు బటన్ డబ్బాతో వంద గజాలు పోయి నొక్కాలి. తోక కదిలితే సరే. అన్న డబ్బా భుజాన వేసుకుని రెండడుగులు వేసి ఆగాడు.

"ఏది ఏదో తెలుసు గదరా?"

"పదకొండేళ్ల నుంచీ బ్యాటరీలేగా నేను కలిపేది. పోన్నా నువ్వు."

ఆ మాట నేనే అన్నాను. కాదనను.

తెప్పల అవతలికి పోయి చెయ్యి ఊపాడు. నేను ముడి తీగను ప్లస్‌కు పెట్టి, రెండోది మైనస్‌కు తగిలించాను. తోక కదల్లేదు. మళ్లీ నొక్కుతున్నాడని తెలుస్తోంది. కదల్లేదు. తీగ పట్టుకున్న వేళ్లకు వెచ్చగా తగిలింది. తర్వాత రిసీవర్ నుంచి సన్నగా కాలిన వాసన. ఆముదం కాదు, ఈథరు కాదు.

అన్న వచ్చి మూత తీసి, ముడినీ బ్యాటరీనీ చూశాడు. ఇసుకలో కూర్చున్నాడు.

"దీనికి బాడీ మైనస్ రా అబ్బయా" అన్నాడు.

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇద్దరం ఆ పూటతో మరిచిపోయేవాళ్లమేమో. చిన్నపోలయ్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా రెక్క నా వీపు మీద గాలికి దడదడలాడుతూనే ఉంది.

విమానాన్ని అన్న పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాడు. వసారా కడిగించాడు. వాసన పోయింది. డబ్బులిస్తానంటే, "పోనీలేరా, నా తలరాత" అన్నాడు. టీ అంగడి దగ్గరికి రావడం మానేశాడు. నెల చూశాను. ఆ మనిషి మూడేళ్ల పని ఒక్కసారైనా గాలిలోకి లేవకుండా అటక మీద ఉంటే నాకు అన్నం సయించలేదు.

ముందు ఉస్తాద్ దగ్గరికి పోయాను.

"బాడీకి ప్లస్ అని నువ్వేగా నేర్పినావు?"

"లారీలకు నేర్పినాను."

"వేరేగా కూడా ఉంటాదా?"

"జీపుకు మైనస్సే. అమెరికా సరుకు." తలెత్తకుండా బోల్టు తిప్పుతూనే ఉన్నాడు.

"పదకొండేళ్లలో ఒక్క మాట చెప్పలేదే!"

అప్పుడు తలెత్తాడు. నవ్వాడు. "అన్నీ చెప్తే రేపు నా ఎదురుగానే షెడ్డు పెట్టవా? మీ అమ్మ రోడ్డు పక్కన స్థలం కొనింది దేనికో నాకు తెలీదా?"

నిజమే. మా అమ్మ తన గాజులమ్మి రోడ్డు పక్కన స్థలం కొన్నది నా షెడ్డు కోసమే. అది తప్ప నాకు ఇంకేమీ లేదు. ఏసుమణి అన్న బావమరిది ఓడ ఈసారి వచ్చేలోగా డబ్బు పంపితే కొత్త రిసీవర్ వస్తుంది. ఆ ధరకు నా దగ్గర అమ్మడానికి ఉన్నదీ అదే.

అమ్మతో చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ ఉంది. చేట ఆపలేదు.

"షెడ్డు నేల మీద పెట్టుకుంటావని కొన్నాను. ఆకాశంలో పెట్టుకుంటానంటే నీ ఇష్టం."

కొనేవాళ్లు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ ఇప్పుడు కాదన్నారు. ఆ రోజే డబ్బు చేతిలో పెడతానన్నది మూడోవాడు ఒక్కడే. కాగితం మీద వేలిముద్ర అమ్మది, సంతకం నాది.

రిసీవర్ పద్నాలుగు నెలలకు వచ్చింది. డబ్బు ఎక్కడిదని ఏసుమణి అన్న అడిగాడు. ఉస్తాద్ అడ్వాన్సు ఇచ్చాడన్నాను. అదొక్కటే అన్నతో నేను ఆడిన అబద్ధం.

అదే ఇసుక. నేలగాలి మెల్లగా సముద్రం వైపు పోతోంది. రెండు తీగలూ నా చేతికే ఇచ్చాడు. "నువ్వే కలుపు" అన్నాడు. ముడి వెయ్యలేదు. బాడీ తీగను కొస దాకా వేలితో తడిమి చూసుకుని, మళ్లీ చూసుకుని, మైనస్‌కు పెట్టాను. దూరంగా తెప్పల అవతల నుంచి బటన్ నొక్కాడు. టిక్కుమని తోక కుడికి తిరిగింది. మళ్లీ నొక్కితే ఎడమకు. నాకు ఏడుపొచ్చింది.

ఇంజను స్టార్టయ్యాక విమానాన్ని చేత్తో విసిరాను. ముందు కిందికి వంగి, అల మీద నురగ తాకబోయి, లేచింది. తెప్పల మీదుగా, ఎండబెట్టిన వలల మీదుగా నాలుగు చుట్లు తిరిగింది. కాకులు కూడా దారిచ్చాయి. జువ్వలదిన్నె అంతా బయటికొచ్చింది. "మౌలా! ఈ కొంగకు రెండు పాళ్లు ఇయ్యొచ్చురా!" అని చిన్నపోలయ్య అరుస్తున్నాడు. ఏసుమణి అన్న ముఖంలో నాకు అప్పుడు కనిపించిన వెలుగు మళ్లీ ఎవరి ముఖంలోనూ కనిపించలేదు. ఇంజను ఆగాక అది జారుకుంటూ వచ్చి తడి ఇసుక మీద వాలింది. పరుగెత్తి ఎత్తుకున్నాను. ఇంజను తగిలి చెయ్యి కాలింది.

నేను ఇంకా పరాయి షెడ్లలోనే బ్యాటరీలు కలుపుతున్నాను. ఆ రోడ్డు పక్కన రజాక్ కట్టిన రెండో షెడ్డు ఇప్పటికీ ఉంది. దాని కింద ఉన్నది మా అమ్మ స్థలం. మా వైపు స్థలాలు కొలిచేది అంకణాల్లో, అది పదకొండు అంకణాలు. అంకణం ముప్పై చొప్పున మూడు వందల ముప్పై రూపాయలకు ఆయనకే రాసిచ్చాను.