శుభవార్తల బోర్డు

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ ఊళ్లో ఓ పాత పొగాకు గోదామును గదులుగా విడగొట్టి కొత్తగా పెట్టిన కంపెనీలకు అద్దెకిచ్చాక, వాళ్ల మధ్య ఆత్మీయత పెంచే ఉద్యోగం ఓగ్న్యాన్‌కు దొరికింది. అంతకుముందు అతను పెళ్లిళ్లలో మైకు పట్టుకుని వచ్చినవాళ్లచేత డ్యాన్సులు వేయించేవాడు. ఆ అనుభవం ఇక్కడా పనికొస్తుందనుకున్నాడు. అయితే పెళ్లికొచ్చినవాళ్లు తాగి ఉంటారు, కంపెనీలు పెట్టినవాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటారు. ఆ తేడా మొదటి వారంలోనే తెలిసిపోయింది.

మొత్తం పదకొండు కంపెనీలు, నలభై ఒక్కమంది మనుషులు. వంటగదిలో ఒకటే కాఫీ మిషను. దాని ముందు కూడా ఒకళ్ల వీపు ఒకళ్లు చూసుకుంటూ నిలబడతారు తప్ప నోరు విప్పరు.

ఆ సోమవారం గోదాము యజమానురాలు వసిల్కా ఫోన్ చేసింది.

"ఏడాదైంది ఓగ్న్యాన్. వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటున్నారా?"

"ఇప్పుడిప్పుడే మొదలెడుతున్నారండీ."

"నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతుంది. అప్పటికీ నాకేమీ కనబడకపోతే నీ జీతంతో రెండో కాఫీ మిషను కొంటా. అదైతే కాఫీ అయినా ఇస్తుంది."

ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఈ సంగతి ఓగ్న్యాన్ ఎవరికీ చెప్పలేదు. ఉత్సాహం పంచినందుకు జీతం తీసుకునేవాడు దిగులు పంచితే బాగుండదు కదా. వెంటనే వెళ్లి పెద్ద తెల్ల బోర్డు కొనుక్కొచ్చి వంటగది గోడకు తగిలించాడు. పైన "ఈ వారం మన శుభవార్తలు" అని రాసి, పక్కన నాలుగు రంగుల పెన్నులు వేలాడదీశాడు.

శుక్రవారానికి దాని మీద ఒకే ఒక్క వాక్యం పడింది. "నా పెరుగు ఎవరో తిన్నారు."

ఓగ్న్యాన్ తిన్నగా రెండో అంతస్తుకెళ్లి బిల్యానాను పట్టుకున్నాడు. పళ్ల డాక్టర్ల అపాయింట్‌మెంట్లు చూసే ప్రోగ్రాం ఆమెది. వియన్నాలో ఇరవై క్లినిక్కులు దాన్ని కొన్నాయని ఆమె పార్కింగ్‌లో ఫోన్లో కేకలు పెడుతుండగా స్వయంగా విన్నాడు.

"ఆ వియన్నా కబురు బోర్డు మీద రాయొచ్చు కదా, బిల్యానా?"

"రాస్తే నలభై ఒక్కమందికి చాక్లెట్లు ఎవరు పెడతారు? నువ్వా?"

"అంటే..."

"అంటే ఏంటి? కారు కొంటే పెట్టాలి. మన పేరున్న సెయింటు పండగొస్తే పెట్టాలి. పాత ఆఫీసులో కళ్లజోడు మార్చానని కూడా పెట్టించుకున్నారు. అదీ మంచి రకమే పెట్టాలి. చవకది పెడితే ఏడాది పాటు చెప్పుకుంటారు."

మంచి జరిగినవాడే అందరికీ పెట్టాలన్నది ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఓగ్న్యాన్‌కు తెలియంది కాదు. తెలిసి తెలిసీ బోర్డు పెట్టాడు. ఆరా తీస్తే ఇంకా బయటపడ్డాయి. మూడో అంతస్తులో తేనెటీగలు పెంచేవాళ్ల కోసం యాప్ చేస్తున్న యావోర్‌కు కూతురు పుట్టి మూడు వారాలైంది. పక్క గదివాళ్లకు కూడా తెలియదు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయేమని అడిగినవాళ్లకు ఎలర్జీ అంటున్నాడు.

బుధవారం కాఫీ వరసలో ఆ యావోరే వెనక్కి తిరిగాడు.

"ఏంటన్నా, ఆ బోర్డు మీద నువ్వే ఒకటి రాసెయ్యొచ్చుగా?"

ఓగ్న్యాన్‌కు ఓపిక అయిపోయింది. "ఏం రాయమంటావురా? ఈ శనివారంతో నా ఉద్యోగం పోతోందని రాయనా?"

వరసలో ఉన్న ఆరుగురూ ఒకేసారి హెడ్‌ఫోన్లు తీశారు. చెడ్డ కబురుకైతే ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదు. పది నిమిషాల్లో వంటగది నిండిపోయింది. మైకు పట్టుకుని ఏడాది పాటు పిలిచినా రానివాళ్లంతా పిలవకుండా వచ్చారు.

"ఆవిడెవరు తీసెయ్యడానికి? అద్దె కట్టేది మనం," అంది బిల్యానా.

"బిల్డింగు ఆవిడది కదక్కా," అన్నాడు యావోర్.

"నువ్వు నీ తేనెటీగల సంగతి చూసుకో. పదండి అందరూ!"

వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఓగ్న్యాన్‌ను ముందు పెట్టుకుని ఇరవై ముగ్గురు వసిల్కా ఇంటికి బయల్దేరారు. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపు తీసిన వసిల్కాకు వీళ్లు ఎందుకొచ్చారన్న దానికన్నా పెద్ద సమస్య ఎదురైంది. ఇంటికొచ్చినవాళ్లు బూట్లు విప్పితే తొడుక్కోవడానికి ఇంట్లో ఉన్నవి ఎనిమిది జతల చెప్పులే. ఎనిమిదిమందిని లోపలికి పిలిచింది. మిగతా వాళ్లు మెట్ల మీద నిలబడ్డారు.

ఊరికే నిలబడలేక మాటలు మొదలెట్టారు.

"మీది ఏ కంపెనీ అండీ?"

"మీ పక్క గదే. రెండేళ్లుగా."

"అయ్యో! గోడ మీద టకటకమని కొట్టేది మీరేనా?"

"మీ పాటలు తగ్గించమని."

వసిల్కా లోపలివాళ్ల మొరా, మెట్ల మీది మాటలూ అన్నీ విని గుమ్మంలోకొచ్చింది. "ఒకళ్ల పేరు ఒకళ్లకు తెలీదు. ఐకమత్యంగా వచ్చాం అంటున్నారు!"

"ఇప్పుడిప్పుడే తెలుస్తున్నాయి కదండీ," అంది బిల్యానా లోపల్నించి. "ఈయన్ని మీరు తీసెయ్యబట్టే కదా కలిశాం."

"అంటే తీసేస్తానంటే తప్ప కలవరా?"

ఓగ్న్యాన్ నేల చూపులు చూస్తున్నాడు. వసిల్కా మెట్ల మీది గోల కాసేపు వింది.

"సరే. ఇంకో మూడు నెలలు ఉండు," అంది అతనితో. తర్వాత అందరివైపూ తిరిగింది. "డిసెంబరులో మళ్లీ తీసేస్తా, మళ్లీ రండి. ఈసారి ఒకరోజు ముందు కబురంపితే ఇంకో పదహారు జతల చెప్పులు కొనిపెడతా."