చూడకుండా పెట్టిన సంతకాలు

ప్రార్థనాలయం వెనక రెండు గదుల క్లినిక్‌లో నర్సమ్మ ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. దగ్గులకు మందులు, దెబ్బలకు కట్లు, గర్భిణులకు బీపీ చూడడం ఆమె పని. వీటితోపాటు ఇంకో పని కూడా ఆమె నెత్తినే పడింది. పెళ్లి కుదిరిన ప్రతి పిల్లనూ పరీక్షించి, కన్యేనని కాగితం రాసివ్వాలి. అది లేనిదే ప్రార్థనాలయం పెద్దలు పెళ్లి జరిపించరు. పెళ్లికొడుకులకు మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు.

పిల్ల రాగానే నర్సమ్మ తలుపు గడియపెట్టేది. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, "ఈ పెళ్లి నీకిష్టమేనా తల్లీ?" అని అడిగేది. ఇష్టం లేదని ఏడ్చినవాళ్లకు రక్తం తక్కువగా ఉందనీ, ఆరునెలలు ఆగాలనీ రాసిచ్చేది. మిగతావాళ్లతో పావుగంట కబుర్లు చెప్పి సంతకం పెట్టేది. ఏ ఒక్కరినీ పరీక్ష బల్ల ఎక్కమనలేదు. ప్రతి పిల్లా తనొక్కదాని మీదే ఆమెకు జాలి కలిగిందనుకుని గుట్టుగా ఉండిపోయింది.

ఆ ఏడాది ఒక పెళ్లికొడుకు వారం తిరక్కుండానే భార్యను పుట్టింట్లో దింపి, "మీ కాగితం అబద్ధం" అని చక్కా పోయాడు. పెద్దల కమిటీ కూర్చుంది. ఇకనుంచి పరీక్ష జరిగేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు గదిలో ఉండి కళ్లారా చూడాలని కార్యదర్శి నియమం పెట్టాడు.

ఆ నియమం కింద మొదట వచ్చింది టైలరు కూతురు. పందొమ్మిదేళ్ల పిల్ల. సాక్షులుగా కార్యదర్శి అక్క, ఆమె తోటికోడలు గోడవారన కుర్చీలేసుకుని కూర్చున్నారు. పిల్ల బల్ల మీద పడుకుని, పన్ను పీకించుకోబోయేదానిలా కళ్లు గట్టిగా మూసుకుంది. మోకాళ్లు వణుకుతున్నాయి. నర్సమ్మ చేతి తొడుగులు వేసుకుంది. ఆ మోకాళ్ల వంక ఒక క్షణం చూసింది. తొడుగులు లాగి చెత్తబుట్టలో పడేసింది.

"లే తల్లీ, ఇంటికెళ్లు."

"అదేంటి, చూడకుండానే?" అంది కార్యదర్శి అక్క.

"చూడ్డానికి ఇదేమన్నా పుచ్చు వంకాయా వదినా?"

సాయంత్రానికల్లా ఆ మాట వీధి వీధీ తిరిగింది. రిటైరైన బస్సు డ్రైవరైన నర్సమ్మ భర్త తల పట్టుకున్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కాస్త సర్దుకుపోరాదూ?"

"ఇన్నేళ్లూ సర్దుకునే పోయానండీ. ఆడపిల్లల్ని కాపాడుతున్నాననుకున్నాను. దొంగ సంతకాలు పెట్టి ఆ దిక్కుమాలిన కాగితానికి విలువ తెచ్చింది నేనే. ఆ విలువే ఇవాళ ఆ పిల్లని బల్ల ఎక్కించింది."



మర్నాడు ప్రార్థన అయ్యాక ఆమెను అందరి ముందూ నిలబెట్టారు. ముందువైపు మగవాళ్లు, నడుమెత్తు గోడ వెనక ఆడవాళ్లు.

"ఆ పిల్ల తప్పేమన్నా దాస్తున్నారా?" అన్నాడు కార్యదర్శి.

"ఆ పిల్ల తప్పేం లేదయ్యా. తప్పు నాది. ఇరవై రెండేళ్లుగా నేను ఒక్క పిల్లనీ పరీక్షించలేదు."

హాల్లో గుసగుసలు లేచాయి. నర్సమ్మ గొంతు పెంచింది.

"అసలు వైద్యంలో అలాంటి పరీక్షే లేదు. చూసి చెప్పగలమన్నవాళ్లు అబద్ధాలకోరులు. ఈ హాల్లో సగంమంది భార్యల కాగితాలు, కోడళ్ల కాగితాలు నేను ఊరికే రాసినవే. ఇప్పుడేం చేస్తారు? అందరినీ పుట్టిళ్లకు తోలేస్తారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మగవాళ్లు ఒక్కొక్కరే గోడ వెనక్కి తిరిగి చూశారు.

"రేపు దేవుడికేం సమాధానం చెబుతారు?" అన్నాడు ముసలి పెద్దాయన.

"దేవుడడిగితే ఆయనకే చెప్పుకుంటాను. ఆయన ఇంతవరకూ నన్ను కాగితం అడగలేదు."

"అంతా అబద్ధం! మా ఆవిడ కాగితం నా బీరువాలో ఉంది!" అని కార్యదర్శి అరిచాడు.

గోడ వెనక అతని భార్య లేచింది. "ఆ కాగితం ఊరికే రాసిందేనండీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్లి ఇష్టమేనా అని అడిగింది. మా నాన్న అడగలేదు, మీరూ అడగలేదు."

"నన్నూ చూడలేదు" అంది పెద్దాయన కోడలు. "నన్నూ చూడలేదు" అంది ఇంకొకావిడ. ఆ మాట వరస వెంబడి పాకింది. కొందరు ఏడుస్తూ అన్నారు, ఒకావిడ పకపకా నవ్వుతూ అంది. చివరికి పుట్టింటికి పంపేసిన పిల్ల కూడా లేచి నిలబడింది.

"నన్నూ చూడలేదు. మరి నన్నొద్దన్నవాణ్ని ఎవరు చూశారట?"



ఆ మధ్యాహ్నమే క్లినిక్ తాళాలు లాక్కున్నారు. కమిటీ పెద్దాసుపత్రి డాక్టరమ్మను కాగితాలు రాయమని అడిగింది. అలాంటి పరీక్ష లేదని ఆవిడ రెండు ముక్కల్లో జవాబు పంపింది. మరో నర్సు కోసం వెతికారు, దొరకలేదు. రెండు పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. మూడో పెళ్లికి ఆడపిల్ల తండ్రి టైలరు. అందరి ముందూ "కాగితమైతే పెళ్లికొడుకుదీ తెండి, మా అమ్మాయిదీ ఇస్తా" అన్నాడు. ఆ పెళ్లి ఏ కాగితమూ లేకుండానే జరిగింది.

నర్సమ్మ ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని, బీపీ మిషను కొనుక్కుంది. టైలరు కూతురు భర్తను వెంటబెట్టుకుని వచ్చి, ఇప్పుడప్పుడే పిల్లలు వద్దు, ఏ మాత్రలు మంచివని అడిగింది. పుట్టింటికి పంపేసిన పిల్లను తిరిగి తీసుకెళ్లడానికి అత్తవారు వచ్చారు. ఆ పిల్ల గుమ్మంలోంచే వాళ్లను సాగనంపి, నర్సు చదువుకు దరఖాస్తు పెట్టుకుంది.

ఏడాది గడిచాక జీతం పెంచుతాం, తిరిగి రమ్మని కార్యదర్శి కబురు పెట్టాడు.

"నియమాల పుస్తకంలోంచి ఆ పేజీ అందరి ముందూ చింపమనండి, మర్నాడే వస్తాను" అంది నర్సమ్మ.

వాళ్లు చింపలేదు. ఆమె వెళ్లలేదు. కార్యదర్శి భార్య మాత్రం వారం వారం పట్టపగలే నడివీధిలో నడిచొచ్చి, ఆమె దగ్గరే బీపీ చూపించుకుంటోంది.